కజామి వాలు మీద నలభై నాలుగు ఇళ్ళు

సెందాయ్,
సెప్టెంబరు 24.

గౌరవనీయులైన ఉసుయి గారికి,

ఎండల తీవ్రత తగ్గింది. పొద్దున్నే కిటికీ తెరిస్తే చల్లగాలి వస్తోంది. మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇన్నేళ్ళుగా కొత్త సంవత్సరం కార్డు తప్ప మరేమీ రాయనిదాన్ని. ఇప్పుడు రాస్తున్నానంటే పని పడిందని మీకు తెలిసిపోతుంది కనుక దాచను.

షింజో దగ్గరి మూడు ఊళ్ళ నీటి సంఘం తన కంప్యూటరు వ్యవస్థను మార్చేస్తోంది. మీరు రాసింది, మీ పక్కన కూర్చుని నేను పని నేర్చుకున్నది, మా చిన్న కంపెనీ ఇన్నేళ్ళూ కాపాడుతూ వచ్చింది, అదే. మాకు పని ఇచ్చే పై కంపెనీ వాళ్ళు పాత ప్రోగ్రాములన్నిటినీ ఏఐ చేత కొత్త భాషలోకి మార్పిస్తున్నారు. నాలుగు లక్షల వరుసలను అది ఒక్క మధ్యాహ్నంలో చదివేసింది. పదేళ్ళ క్రితం ఒక చిన్న మార్పుకే మేం ముప్ఫై ఎనిమిది మనిషి-నెలలు అడిగాం. ఈసారి మొత్తం పనికి ఆరు చాలన్నారు. అంటే ఇద్దరు మూడు నెలలు కూర్చుంటే సరి. మా దగ్గర పదకొండు మంది ఉన్నారు. తక్కిన తొమ్మండుగురికి మార్చి తరువాత ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

కొత్త వ్యవస్థ ఏం చేయాలో చెప్తూ సంఘం ఇచ్చిన అవసరాల పత్రం మీరు ఊహించగలిగినట్టే ఉంది. నూట ఇరవై పేజీలు, పేజీ పేజీకీ అదే మాట: ‘ప్రస్తుతం ఉన్నట్టే.’ ప్రస్తుతం ఎలా ఉందో రాసిన కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు. నూట పన్నెండు చోట్ల ఏఐ ‘కారణం తెలియదు, తీసేయవచ్చు’ అని గుర్తు పెట్టింది; ఆ పట్టిక ఇందులో పెడుతున్నాను. ఆ కారణాలు తెలిసినవారు మీరొక్కరే. డిసెంబరు 12న సమావేశం. ఆ రోజు వాటిని మేం చెప్పగలిగితే, మా అవసరం ఇంకా ఉందని ఒప్పుకుంటారు. చెప్పలేకపోతే వసంతంలో కంపెనీ మూసేయాలి.

మీరు సాయం చేస్తారా?

మన పాత తొగాషి, ఇప్పుడు మా కంపెనీలోనే ఉన్నాడు, మిమ్మల్ని అడిగాడు. “ఉసుయి గారు ఇంకా తిడుతూనే ఉన్నారా, పోయారా?” అన్నాడు. తిడుతూనే ఉన్నారని చెప్పాను.

వినయంతో,
కుజి చిహారు


సకాతా,
అక్టోబరు 3.

కుజీ,

గాలి చల్లబడిన సంగతి నాకూ తెలుసు. నేను సముద్రం ఒడ్డున కాపురం ఉంటున్నాను.

డెబ్భై ఆరేళ్ళవాణ్ణి. ఆసుపత్రికీ గ్రంథాలయానికీ తప్ప ఎక్కడికీ పోను. గ్రంథాలయంలో రోజూ మూడు పత్రికలు చదువుతాను. మన పరిశ్రమకు మనుషులు చాలడం లేదని కిందటేడు రాసిన విలేకరే, మనుషులు అక్కర్లేదని ఈ ఏడు రాశాడు. రెండుసార్లూ వాడి ఫోటో ఒకటే, ఆ గంభీరమైన ముఖమూ ఒకటే. రాజ్యాలు ఎలా కూలాయో నేను బోలెడు చదివాను. కూలేముందు ప్రతి కొలువులోనూ ఇలాంటివాడు ఒకడు ఉంటాడు.

సంగతేమిటో నేను చెప్తాను విను. మనం ఏనాడూ ప్రోగ్రాములు అమ్మలేదు. మనుషుల్ని నెలల లెక్కన అమ్మాం. చురుకైనవాడు పది రోజుల్లో పని ముగిస్తే కంపెనీకి నష్టం, మందకొడివాడు మూడు నెలలు తీసుకుంటే లాభం. నిదానానికి జీతమిచ్చి పెంచిన పరిశ్రమ ఇవాళ వేగం వచ్చి పడిందని ఏడుస్తోంది. ఏడవనీ.

ఇక నీ సమావేశం. పై కంపెనీ తరఫున ఎవరు కూర్చుంటారో నువ్వు రాయలేదు. రాయకపోయినా తెలుసు. సెరా. అప్పుడు సెక్షన్ అధికారి, ఇప్పుడు డైరెక్టరు.

నువ్వు మరిచిపోయి ఉంటే గుర్తు చేస్తాను. ఇరవై రెండేళ్ళ కిందటి చలికాలం. నీరు మూడు రోజులు ఆగకుండా పారితే ‘లీకు ఉండవచ్చు’ అని చీటీ అచ్చవ్వాలి, సంఘం మనిషి వెళ్ళి చూసి రావాలి. కజామి వాలు మీది ఇళ్ళవాళ్ళు పైపులు గడ్డకట్టకుండా రాత్రీ పగలూ కొళాయిని సన్నగా వదిలి ఉంచుతారు కాబట్టి, ఆ ఇళ్ళకు డిసెంబరు నుంచి మార్చి దాకా చీటీ రాకూడదు. వాళ్ళ జాబితా చేతిరాతలో మన దగ్గరికి వచ్చింది. అందులో ఒక చోట ‘ఒనొదెరా’ అని ఇంటిపేరు మాత్రమే ఉంది. ఆ వాలు మీద ఒనొదెరా ఇళ్ళు రెండు, పైన ఒకటి, కింద ఒకటి.

ఒక్క ఫోను చేస్తే తేలిపోయేది. కానీ పని సెరా కంపెనీ నుంచి చేతులు మారి మన దాకా దిగేది, మనం మూడో మెట్టు కంపెనీ మనుషులం. నా జేబులో ఉన్న విజిటింగ్ కార్డు మీది పేరు కూడా సెరా కంపెనీదే. సంఘంతో నేరుగా మాట్లాడితే తప్పు. ప్రశ్న కాగితం రాయాలి, అది రెండు మెట్లు ఎక్కాలి, జవాబు రెండు మెట్లు దిగాలి. రాశాను. జవాబు రాలేదు. గడువు వచ్చింది. రెండిళ్ళూ ఎక్కించాను.

కింది ఇంట్లో ఉండే ఒనొదెరా ఇతో కొళాయి వదిలే మనిషి కాదు. రోజూ పడుకునేముందు పైపులు ఖాళీ చేసి పడుకునేది. జనవరిలో ఆమె ఇంటి నేల కింద, ఖాళీ చేయడానికి వీల్లేని చోట, పైపు పగిలింది. చీటీ రాలేదు. వంటింటి నేలంతా మంచుగడ్డ అయింది. జారిపడి తుంటి విరిగింది. మార్చిలో ఆసుపత్రిలో పోయింది.

విచారణలో సెరా ఏమన్నాడు? “అలాంటి ప్రశ్న మా దాకా రాలేదండీ.” అంతే. నేను క్షమాపణ పత్రం రాసి, తల వంచి, ఉద్యోగం వదిలేశాను.

వాడి కొత్త వ్యవస్థకు నేను కారణాలు చెప్పాలా? చెప్పను.

ఉసుయి తత్సుజిరో


సెందాయ్,
అక్టోబరు 30.

గౌరవనీయులైన ఉసుయి గారికి,

కొండల మీద ఆకులు ఎర్రబడ్డాయి. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మరిచిపోలేదండీ.

నిన్న ముందస్తు సమావేశం జరిగింది. జరిగినట్టు రాస్తాను.

“కారణాలు ఎందుకండీ కుజి గారూ?” అన్నారు సెరా గారు. “తీసేయమని ఏఐ అంటోంది, తీసేద్దాం.”

“కజామి వాలు జాబితా తీసేస్తే చలికాలమంతా రోజూ నలభై చీటీలు అచ్చవుతాయండీ. పది రోజులయ్యాక వాటిని చూసేవాళ్ళుండరు.”

“అయితే ఉంచేద్దాం. ప్రస్తుతం ఉన్నట్టే.”

“ఏ ఇల్లు ఎందుకుందో తెలియకుండా ఉంచితే...”

“మీకు తెలుసా?”

“తెలియదండీ.”

“తెలియనిదానికి మనిషి-నెలలు ఎలా అడుగుతారండీ?”

అందరూ నవ్వారు. సంఘం కార్యాలయ అధికారి ఇగారి గారు మాత్రం నవ్వలేదు. నలభై దాటిన మనిషి ఆవిడ, మాటలు తక్కువ. “తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అని అడిగారు. ఉన్నారు, అడిగి చెప్తాను అన్నాను. ఆ ఒక్క మాట మీద డిసెంబరు దాకా గడువిచ్చారు.

ఆఫీసుకు తిరిగొచ్చేసరికి తొగాషి టీ కాస్తున్నాడు. “ఏమైంది అక్కా?” అన్నాడు. వాడికి యాభై ఎనిమిదేళ్ళు, నా కంటే రెండేళ్ళు పెద్ద. పని పోతుందన్న భయం వేసినప్పుడల్లా నన్ను అక్కా అంటాడు. ఈ నెలలో రోజూ అంటున్నాడు.

సెరా గారి కోసం అడగడం లేదు. ఈ పదకొండు మంది కోసం అడుగుతున్నాను.

కుజి చిహారు


సకాతా,
నవంబరు 9.

కుజీ,

సరే. వస్తాను.

నువ్వు బతిమాలావని కాదు. “తెలియనిదానికి మనిషి-నెలలు ఎలా అడుగుతారండీ” అన్న మాట చదివాక రెండు రోజులు అన్నం సహించలేదు. సెరా ఇన్నాళ్ళూ అమ్ముకుని బతికింది అదే కదా.

నమూనాకు రెండు చోట్లు చెప్తాను. తొమ్మిదో చోటు: ఆగస్టు నడుమ నాలుగు రోజులు వాడకం మూడింతలైనా హెచ్చరిక ఉండదు. పితృదేవతల పండుగకు బంధువులంతా దిగుతారు, స్నానాలు చేస్తారు. నలభయ్యో చోటు: నవంబరులో పదిహేను రోజులు పొద్దుటి వాడకాన్ని పట్టించుకోదు. ఊరగాయ పెట్టడానికి ఇంటింటా ముల్లంగి కడుగుతారు. నాలుగు లక్షల వరుసలు చదివిన నీ ఏఐ, ఆ ఊళ్ళో ఒక్క ముల్లంగినైనా కడగలేదు. మిగిలిన నూట పదీ నా తలలో ఉన్నాయి. మీ పదకొండు మందికి రెండేళ్ళ తిండి నా తలలో ఉందన్నమాట.

షరతు ఒకటి. సమావేశం మొదలవగానే, సంఘం వాళ్ళందరి ఎదుటా, నేను సెరాను ఒక ప్రశ్న అడుగుతాను. నా ప్రశ్న కాగితం ఏం చేశావు? నా దగ్గర కార్బన్ నకలుంది. తేదీ, నా ముద్ర, అన్నీ ఉన్నాయి. ‘పై ఇల్లా, కింది ఇల్లా?’ అన్న వాక్యమూ ఉంది. వాడు ఆ నకలు చేత్తో పట్టుకుని చదవాలి. చదివి, రాలేదని మళ్ళీ అనాలి. వాడు ఎలా అంటాడో చూడాలి.

నువ్వు నోరు తెరవక్కర్లేదు. పక్కన కూర్చుంటే చాలు. ఇరవై రెండేళ్ళలో ఇంత హాయిగా నిద్రపోయింది లేదు. నిన్న చేపల పులుసు రెండోసారి వడ్డించుకున్నాను.

ఉసుయి


సెందాయ్,
నవంబరు 21.

ఉసుయి గారికి,

ఈసారి రుతువు గురించి రాయను.

మీ కాగితం సెరా గారి దగ్గరికి వెళ్ళలేదు.

ఆ వారం మన గది నుంచి ఇరవై తొమ్మిది ప్రశ్న కాగితాలు వచ్చాయి. వాటిని పైకి పంపే పని నాది. అంతకు ముందు వారం సెరా గారు నన్ను నిలబెట్టి, “వారానికి ఇరవై దాటితే మీవాళ్ళకు పని రాదనుకుంటారు సంఘంవాళ్ళు. కాస్త ఏరి పంపు” అన్నారు. ఏరాను. ఇరవై పంపి, తొమ్మిది నా సొరుగులో పెట్టాను. మీది ఆ తొమ్మిదిలో ఉంది. ఒక్క ఇంటి విషయమే కదా, వచ్చే వారం పంపుదామనుకున్నాను. వచ్చే వారం కొత్త కాగితాలు వచ్చి పడ్డాయి.

ప్రమాదం జరిగాక ఆ కాగితం ఇంటికి తీసుకెళ్ళిపోయాను. విచారణ రోజు నేను గోడ వారన కూర్చుని ఉన్నాను. సెరా గారు “రాలేదు” అన్నది నిజం. మీరు ఆయన్ను అబద్ధాలకోరని అరిచారు. నేను లేచి నిలబడవలసింది. లేవలేదు. అప్పటికి నా ఉద్యోగం ఖాయమై ఎక్కువ కాలం కాలేదు. అది సాకు కాదు. లేవకపోవడానికి వేరే కారణం వెతికాను, దొరకలేదు.

మీరు వెళ్ళిపోయాక మీ కుర్చీ నాకిచ్చారు. ఈ కంపెనీ పెట్టే ధైర్యం ఆ కుర్చీలో కూర్చున్నాకే వచ్చింది.

మీ షరతు చదివాక పది రోజులు ఆలోచించాను. నేను నోరు మూసుకుని మీ పక్కన కూర్చుంటే, చేయని తప్పుకు సెరా గారు నిందపడతారు. బహుశా మాకు పని దొరుకుతుంది. పదకొండు మంది నిలబడతారు. ఇది రాస్తే మీరు రారు. అది తెలిసే రాస్తున్నాను. రెండోసారి కూడా గోడ వారన కూర్చోలేను.

అసలు కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. కావాలంటే పంపుతాను.

కుజి చిహారు


సెందాయ్, డిసెంబరు 3. (పోస్టుకార్డు)

ఉసుయి గారికి, జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కు లేదు. పన్నెండో తారీఖున నాకు తెలిసినంత చెప్తాను. మావాళ్ళకు ఇప్పుడే వేరే పని చూసుకోమని చెప్పడం మంచిదని తొగాషి అన్నాడు. ఈ వారం చెప్పాను. - కుజి


షింజో, రైల్వే స్టేషను ఎదుటి సత్రం,
డిసెంబరు 8.

కుజీ,

ఇది ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తున్నాను. పన్నెండుకు ముందే నీకు అందాలి.

నీ ఉత్తరం వచ్చిన రోజు నా దగ్గరున్న నకలు చింపేశాను. కోపంతోనే. ఇరవై రెండేళ్ళు ఒక మనిషిని తిడుతూ బతికితే ఆ తిట్టు ఇంట్లో మనిషిలా అలవాటైపోతుంది. అది కాస్తా పోయింది. నిన్ను తిడదామని కూర్చున్నాను. నాలుగు పేజీలు రాశాను. బాగానే వచ్చాయి. పంపడం లేదు.

తరువాత ఒక ఆలోచన వచ్చి నిద్ర పట్టలేదు. నువ్వు కాగితం పంపలేదు సరే, నేనెందుకు ఫోను చేయలేదు? పద్ధతి కాదని. ఉద్యోగం వదిలిన మర్నాటి నుంచి నాకు ఏ పద్ధతీ లేదు. ఆ వాలుకు సకాతా నుంచి రైలు, బస్సు కలిపి రెండు గంటల దారి. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వెళ్ళి, పై ఇల్లా కింది ఇల్లా అని ఎందుకు అడగలేదు?

మొన్న వెళ్ళాను. మూడు రోజులు తిరిగాను. మోకాళ్ళ దాకా మంచు. పై ఒనొదెరా తలుపు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. నా కంటే అయిదేళ్ళు పెద్ద.

“ఎవరయ్యా? మందులమ్మేవాడివా?”

“కాదండీ. మీరు చలికాలంలో కొళాయి వదిలి ఉంచుతారా అని అడగడానికి వచ్చాను.”

“ఇంత మంచులో, ఈ వయసులో, అదడగడానికి వచ్చావా? ఇంట్లోవాళ్ళు తరిమేశారా నిన్ను?”

“ఇంట్లో ఎవరూ లేరండీ.”

“అయితే లోపలికి రా. కొళాయి వదలడం మా నాన్న రోజుల నుంచి ఉన్న అలవాటు, ఇప్పుడు మానేశాను. పైపులకు కరెంటు వేడి తీగ చుట్టించి పదేళ్ళయింది. ఇప్పుడు చుక్క కారినా నాకు చెవిలో పడుతుంది. చెవి పనిచేస్తే.” నవ్వాడు. ముల్లంగి ఊరగాయ, టీ పెట్టాడు. “నా చెవి పనిచేయదులే” అన్నాడు.

అర్థమైందా? వాడి ఇల్లు ఇంకా జాబితాలో ఉంది. ఇవాళ వాడి పైపు పగిలితే చీటీ రాదు. గట్టిగా అరిస్తే తప్ప వాడికి వినబడదు.

జాబితాలోని నలభై నాలుగు ఇళ్ళూ చూశాను. ఇరవై ఏడు ఖాళీ. పన్నెండిళ్ళకు వేడి తీగలున్నాయి. కొళాయి వదిలేది అయిదిళ్ళలోనే. జాబితా ఇందులో పెడుతున్నాను. ఎవరి నోట విన్నానో, ఏ రోజు విన్నానో పక్కనే రాశాను.

నా తలలో రెండేళ్ళ తిండి ఉందని గొప్పలు పోయాను కదా. నలభై నాలుగులో ముప్ఫై తొమ్మిది తప్పు. జాబితా తీసేయమన్న ఏఐదీ తప్పే, ఉన్నట్టే ఉంచమన్న సెరాదీ తప్పే. మేం ముగ్గురం ప్రోగ్రాము చదివాం. ఎవరం వాలు ఎక్కలేదు.

తక్కిన నూట పదకొండు చోట్లూ ఇలాగే పోయి చూడాలి. దాన్ని అమ్ము. అయితే నెలలకు అమ్మకు, జవాబుకు అమ్ము. మన వృత్తికి ఇంకేమైనా మిగిలి ఉంటే అదే మిగిలింది. మిగలలేదేమో కూడా. నేను జోస్యాలు చెప్పే విలేకరిని కాను.

సమావేశానికి రాను. సెరా ముఖం చూడలేను. కారణం మాత్రం మారింది.

ఉసుయి


సెందాయ్,
డిసెంబరు 15.

గౌరవనీయులైన ఉసుయి గారికి,

మంచు కురుస్తోంది. మీరు క్షేమంగా ఇల్లు చేరారనుకుంటాను.

మీ జాబితా పదకొండున అందింది. పన్నెండున అందరి ముందూ పెట్టాను. ఇగారి గారు మొదటి పేజీ అంతా చదివి, ఫోను తీసి, పై ఒనొదెరా ఇంటిని ఆ రోజే జాబితా నుంచి తొలగించమని చెప్పారు. ఆ తరువాత అడిగారు: “ఎవరు వెళ్ళారు?”

“ఉసుయి తత్సుజిరో గారు.”

గదిలో ఇద్దరికి ఆ పేరు తెలుసు. సెరా గారు కళ్ళద్దాలు తీశారు. “పద్ధతి ప్రకారం ప్రశ్న మా ద్వారా రావాలి కదండీ” అన్నారు. గట్టిగా కాదు, అలవాటుగా.

“మీ ద్వారా వస్తే ఎన్ని రోజులండీ?” అన్నారు ఇగారి గారు.

అప్పుడు నేను లేచి, ఆ తొమ్మిది కాగితాల సంగతి చెప్పాను. మీది బల్ల మీద పెట్టాను. తరువాత సెరా గారు అడిగారు.

“ఉసుయి గారికి చెప్పారా?”

“చెప్పానండీ.”

“ఏమన్నారు?”

“ఏమీ అనలేదు. వాలు ఎక్కి వచ్చారు.”

ఆయన ఆ కాగితాన్ని కాసేపు చూసి, మడవకుండా నా వైపు జరిపారు. “ఏరి పంపమన్నది నేనే” అన్నారు.

ప్రోగ్రాములు మార్చే పని ఏఐకీ, పై కంపెనీకీ వెళ్ళింది. మాకు ఆ ఆరు మనిషి-నెలలు కూడా లేవు. అయితే సంఘం మాతో నేరుగా మూడేళ్ళకు ఒప్పందం చేసుకుంటోంది. ఏ నిబంధన ఎవరి కోసం ఉందో ఏటా వెళ్ళి కనుక్కోవడం, తప్పు జరిగితే మా పేరుతో మేమే జవాబుదారులం కావడం. నేను దాచింది విన్నాక కూడా ఎందుకు ఇస్తున్నారని ఇగారి గారిని అడిగాను. “ఇవాళ చెప్పారు కాబట్టి. ఇంకోసారి దాచితే ఉండదు” అన్నారు.

ఆరుగురికి పని ఉంది. అయిదుగురికి లేదు. వాళ్ళకు నేనే చెప్పాను. తొగాషి నేను చెప్పకముందే పక్కకు తప్పుకున్నాడు. “తెర ముందు ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాను, తలుపు తట్టి మాట్లాడమంటే చేతకాదు” అన్నాడు. తమ్ముడి చెర్రీ తోటకు వెళ్తాడట. వెళ్ళేటప్పుడు నన్ను అక్కా అనలేదు. “వస్తాను, డైరెక్టరు గారూ” అన్నాడు.

మీరు మాతో కలిసి పనిచేస్తారా? క్షమాపణ అడగడానికి ఇది సందర్భం కాదు కాబట్టి అడగడం లేదు.

కుజి చిహారు


సకాతా,
జనవరి 16.

కుజీ,

పనికి వస్తాను. వారానికి రెండు రోజులు, మోకాళ్ళు ఒప్పుకున్నన్నాళ్ళు. నీ మీద కోపం పోలేదు. పోతుందని హామీ ఇవ్వను.

సెరా నుంచి కొత్త సంవత్సరం కార్డు వచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి. అచ్చు వేసిన శుభాకాంక్షలే, చేత్తో ఒక్క అక్షరం కూడా రాయలేదు. నేనూ అలాంటిదే ఒకటి పంపాను. ఇద్దరికీ అంతకన్నా చేతకాదు.

ఒనొదెరా ఇతో కూతురు షింజోలోనే ఉంది. పై ఒనొదెరాను నంబరు అడిగి, నేనే ఫోను చేశాను. నా పేరు చెప్పి, మీ అమ్మగారి ఇంటిని జాబితాలో ఎక్కించింది నేనేనన్నాను. “ఎలా జరిగిందో మాకెవరూ చెప్పలేదు. క్షమాపణ పత్రం పంపారు, అందులో ఏమీ లేదు” అంది. అవును, అందులో ఏమీ లేదు. రాసింది నేనే. వచ్చి చెప్పమంది. నాతో పాటు ఇంకొకరు కూడా వస్తారని చెప్పాను.

25, ఆదివారం. నువ్వు రైల్లో షింజోకు వచ్చేయి. పదకొండింటికి స్టేషను గేటు దగ్గర ఉంటాను. దారిలో నాతో మాట్లాడక్కర్లేదు. ఆవిడ అడిగినప్పుడు మాట్లాడు.

ఉసుయి తత్సుజిరో